నీలం దారం

కౌన్సిల్ కారు ఆపుతూ కీరన్ అడిగాడు,
ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైన కుర్రాడు,
పుట్టిందీ పెరిగిందీ ఈ ఓల్డ్‌హామ్‌లోనే:
"మాండీ, అసలు సిసలు ఇంగ్లీషు భోజనం
ఎక్కడ బాగుంటుంది?"

నన్నడుగుతాడేం!
మందాకినిని మాండీ చేసింది ఆఫీసు గానీ
పామర్రు వదిలి పాతికేళ్ళయినా
చారు లేందే చివరి ముద్ద దిగదు నాకు.

అయినా అడగాల్సిన మనిషినే అడిగాడు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరి వంటిళ్ళన్నీ
పెరటి గుమ్మంలోంచి చూస్తున్నదాన్ని.
తెల్లకోటు, జుట్టుకి వల,
చేతిలో సూదిలాంటి థర్మామీటరు.
లోకం పళ్ళెం చూస్తుంది,
నేను ఫ్రిజ్ తలుపు రబ్బరు మడత చూస్తాను.

ఎక్కడ లేదో ముందు చెప్పాను.
నల్లపలక మీద సుద్దముక్కతో
"మా బామ్మ చేతి వంట" అని రాసిన పబ్బులో లేదు.
ఆ బామ్మ గడ్డకట్టి, సంచుల్లో,
మంగళవారం లారీలో దిగుతుంది.
దూలానికి రాగి గిన్నెలు వేలాడే చోట లేదు.
వాటిలో వేలు పెట్టి చూశాను. బూజు.
బైపాస్ పక్కన రోస్టు అమ్మే హోటల్లో
గ్రేవీ పొడి డబ్బా నా మోకాలెత్తు.

"మరి?"

రెండు బస్సులు మారాలి.
మూతబడ్డ నూలుమిల్లు వెనక ఓ చాపెల్,
దాని కింద నేలమాళిగ.
గురువారం మాత్రమే, పన్నెండు నుంచి ఒకటిన్నర.
బోర్డు లేదు. వాసన పట్టుకుని మెట్లు దిగడమే.

బెరిల్ స్కోఫీల్డ్, ఎనభై రెండేళ్ళు.
"నా పుడ్డింగులో సూది గుచ్చుతావా?"
"గుచ్చాలండీ."
"రసం కారిపోతుంది. ఆ ఒక్కటీ నువ్వే తినాలి మరి."

పెద్ద డేగిశాలో ఆవిరి మీద
తెల్లగుడ్డ మూటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
రాగ్ పుడ్డింగు.
కొవ్వు కలిపిన పిండిలో కూరు పెట్టి, గుడ్డలో చుట్టి,
కైమా అయితే తెల్లదారం,
చీజూ ఉల్లీ అయితే నీలందారం.
నా సూది నీలందారం దగ్గరే ఆగింది.
ఎనభై ఎనిమిది డిగ్రీలు.

గుడ్డ విప్పితే పిండి మీద నేత అచ్చు,
సన్న సన్న గళ్ళు.
వాసెన కట్టిన కుండ మూతి మీద
మా పెద్దమ్మ కుడుములకీ ఇదే అచ్చు.
అదీ ఇదీ ఒకటని అనను.
అది దూది. ఇది ఇటుక.
కానీ ఈ ఇటుక కడుపులో ఉంటే
నవంబరు లోపలికి రాదు.

ఆ రోజు తినలేదు. తనిఖీకెళ్ళిన చోట
మెతుకు ముట్టకూడదు, రూలు.
"గుడ్డలెలా ఉతుకుతారు?" అన్నాను.
"విడిగా మరగబెడతా. మా ఆయన చొక్కాల్తో కలపను.
ఆయన పోయి ఆరేళ్ళు, అయినా కలపను."
ఫారంలో దానికి గడి లేదు. అంచున రాశాను.
చేతుల సింకులో వేడినీళ్ళు రాలేదు గనక
అయిదు కాదు, నాలుగే ఇచ్చాను.
ఆ స్టిక్కరు ఇప్పటికీ గోడవైపు తిరిగే ఉంటుంది.

పై గురువారం సెలవు పెట్టి వెళ్ళాను.
నాలుగు పౌన్ల యాభై.
ఏది కావాలని అడగలేదామె,
నీలందారం విప్పింది.
పక్కన బఠాణీ ముద్ద, ఊరేసిన ఎర్ర క్యాబేజీ.
మింగేదాకా నిలబడి చూసింది.
ఉప్పు తక్కువైందన్నాను.
"ఇక్కడ అందరికీ బీపీయే" అని
ఉప్పు సీసా నా ముందుకి తోసింది.

కీరన్ ఫోన్ తీశాడు, "పోస్ట్‌కోడ్ చెప్పు."

చెప్పలేదు.
పోయిన చలికాలం నుంచి బెరిల్ కుడిచెయ్యి వణుకుతోంది.
పిండి కలుపుతుంది, కూరు పెడుతుంది,
ముడి దగ్గరికొచ్చేసరికి వేళ్ళు మాట వినవు.
ఆ చాపెల్ తనిఖీ నా పేరు మీంచి తీసెయ్యమని
రాసిచ్చేశాను ఆఫీసులో.
గురువారం పొద్దున నలభై ముడులు.
ఒక్కదాన్నే, ఇరవై దాటితే తడిదారం కోస్తుంది.

"నీకు ముడి వెయ్యడం వచ్చా?"
"షూ లేసులకా?"
"పద," అన్నాను, "ముందు చేతులు కడుక్కో.
ఇరవై సెకన్లు. నేను లెక్కపెడతాను."